జోడు టైర్ల సందులో చెయ్యి

ఆమె చనిపోయిందన్న కబురు నాకు ఆదోనిలో, జిన్నింగు మిల్లు గేటు ముందు, పత్తి దించే లారీల వరుసలో ఉండగా వచ్చింది. ఆమె కూతురు ఫోన్ చేసింది. "అమ్మ పోయిందన్నా" అంది. "ఎప్పుడు?" అన్నాను. "ఇప్పుడే" అంది. "సరేమ్మా, లోడు దించి వస్తా" అన్నాను. ఫోను జేబులో వేసుకొని, ముందు లారీ కదిలితే నేనూ కొంచెం కదిలించాను. అంతే. గుండె జారడం, కాళ్లు వణకడం, కళ్లు తిరగడం, అలాంటివేవీ నాకు కాలేదు. వెనక లారీవాడు ఊరికే హారన్ కొడుతుంటే తల బయటపెట్టి వాడిని తిట్టాను కూడా. రోజూ తిట్టే తిట్టే.

ఆమె నా లారీ ఓనరు. నేను ఆమె దగ్గర డ్రైవర్ని. ఎమ్మిగనూరులో అందరూ ఆమెను లారీ అక్క అనేవాళ్లు, నేను ఉత్త అక్కా అనేవాణ్ణి. ఆమె నన్ను 'ఏమప్పా' అని పిలిచేది. కోపం వస్తే మాత్రం 'ఏం సామీ' అనేది. 'సామీ' అని వినిపించిందంటే ఆ పూట నా పని అయిపోయినట్టే. పొట్టి మనిషి. మాట గట్టిది, చేతులు మాత్రం సన్నవి. పొలం పనికి పోయిన చేతులే అయినా, పలకలాగా పలచగా ఉండేవి. నేను ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ చేతుల గురించే.

లారీకి వెనక ఒక్కో పక్క రెండేసి టైర్లు జోడుగా ఉంటాయి కదా. లోడు ఎత్తడం అయిపోయి, తాళ్లు బిగించి, నేను క్యాబిన్ ఎక్కబోయే ముందు ఆమె ఆ జోడు టైర్ల దగ్గరికి పోయి గొంతుక్కూర్చునేది. కొంగు నడుముకు దోపుకొని, కుడిచేతి వేళ్లన్నీ దగ్గరికి చేర్చి, రెండు టైర్ల మధ్య సందులోకి అరచెయ్యి దూర్చేది. అదీ పైన కాదు, కింద, బరువుకు టైరు పొట్ట వేసే చోట. తర్వాత చుట్టూ తిరిగి వచ్చి అవతలి పక్క దూర్చేది. మణికట్టు దాకా పోయిందంటే లేచి నిలబడి, "పట్టింది, పో" అనేది. పోలేదంటే, "పట్టలే. పోదు" అనేది. పోదంటే పోదు. మిల్లువాళ్లు అరిచినా, రైతు కాళ్లు పట్టుకున్నా, మీద మబ్బు పట్టినా సరే, లారీ అక్కడి నుంచి కదలదు.

కొత్తగా చూసినవాళ్లు అదేదో పూజ అనుకునేవాళ్లు. ఆమె చర్చికి పోయే మనిషి, ఆమెకు ఆ పూజలూ అవీ పట్టవు. నేను బంపరుకు నిమ్మకాయ, మిరపకాయలు కడితే, "ఆ కాయలు నా పప్పులోకన్నా పనికొచ్చేవి గదప్పా" అనేది. కానీ తెంపేది కాదు. ఎండిపోతే, "మార్చుకో, పాతవైనాయి" అని గుర్తు కూడా చేసేది.

ఆమెను నేను మొదట చూసింది మాధవరం దారిలో, పత్తిచేలో పక్కకు ఒరిగి పడున్న లారీ దగ్గర. అప్పుడు నేను వేరేవాళ్ల లారీలో వేరుశనగ వేసుకొని వస్తున్నాను. రోడ్డు కింద కాలువ పోయే మోరీ దాటాక వచ్చే మలుపు దగ్గర జనం మూగి ఉంటే బండి ఆపాను. లారీ ఆమె మొగుడిది, తోలింది ఆయనే. నేను దిగేసరికే ఆయన్ను తీసుకుపోయారు, ప్రాణం అక్కడే పోయిందట. పత్తి కుక్కిన పెద్ద సంచులు, బోరాలు, పగిలి పత్తంతా చేలో పడింది. ఏది చెట్టు మీది పత్తో, ఏది లారీలోంచి పడిందో తెలియకుండా ఉంది. చుట్టూ చేరినవాళ్లు తలా ఒక మాట అంటున్నారు. నిద్రపోయినాడన్నాడు ఒకడు. గొర్రెలు అడ్డమొచ్చినాయన్నాడు ఇంకొకడు. తాగినాడని ఒకడు అంటే, ఆయన తాగడని పక్కవాడు వాదానికి దిగాడు.

ఆమె షేర్ ఆటోలో వచ్చింది. అందరూ పక్కకు తప్పుకున్నారు, ఏడుస్తుందని. ఆమె ఏడవలేదు. లారీ చుట్టూ ఒకసారి తిరిగింది. పైకి తేలి ఉన్న వెనక చక్రాల దగ్గర ఆగి, చాలాసేపు చూసింది. జోడు టైర్లు రెండూ ఒకదానికొకటి ఆనుకొని ఉన్నాయి. రాసుకొన్న చోట నల్లగా, నున్నగా మెరుస్తున్నాయి. ఆమె వాటి మధ్య చెయ్యి దూర్చాలని చూసింది. వేళ్ల కణుపుల దగ్గరే ఆగిపోయింది.

పక్కన ఉన్నది నేనే కాబట్టి నన్నే అడిగింది. "ఇవి రెండూ ఎందుకిట్ల అతుక్కున్యాయి?"

"పెద్ద సైజు టైర్లు వేసినారక్కా. రిమ్ము సన్నది, టైరు వెడల్పు. అందుకే పక్కలకు ఉబ్బి తగులుకున్యాయి."

"మొన్ననే మార్చినాడు. బండి నిండుగ కనపడతాండాది సూడు అన్యాడు." చెయ్యి వెనక్కి తీసుకుంది. "అట్లేస్తే ఏమైతాది?"

"ఏం కాదక్కా. అందరూ వేస్తారు. లోడుంటే కొంచెం ఊగుతాది."

"కొంచెం అంటే ఎంత?"

ఏం చెప్పాలి? కొంచెం అంటే కొంచెమే. ఆమె నా లారీ యాడుండాది అని అడిగింది. చూపించాను. రోడ్డు మీద నిలబెట్టిన నా లారీ దగ్గరికి నడుచుకుంటూ వచ్చి, వెనక కూర్చొని, జోడు టైర్ల మధ్య చెయ్యి పెట్టింది. నా బండికి రిమ్ముకు తగ్గ టైర్లే ఉన్నాయి, నా గొప్ప కాదు, ఓనరు పాతకాలపు మనిషి. చెయ్యి మణికట్టు దాకా పోయింది. తీసి చూసుకుంది. అరచేతిలో మసి. దాన్ని చీరకు తుడుచుకోకుండా అట్లాగే పట్టుకొని ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు నాకు కబురు పంపింది. బండి రిపేరయింది, తోలేకి వస్తావా అని. నేను పని లేకుండా ఉన్నాను, పోయాను. చూద్దును కదా, తొట్టి కొత్తది, రంగు కొత్తది, టైర్లు మాత్రం అవే లావు టైర్లు. "ఇవి తీపించలేదా అక్కా?" అన్నాను. "తీపిస్తా. ముందు నన్ను ఎక్కించుకోని మాధవరం దారిలో తోలు" అంది. నాకు ఒళ్లు మండింది. చచ్చిపోయినాయన బండిలో, ఆయన పెళ్లాన్ని పక్కన కూర్చోబెట్టుకొని, ఆయన చచ్చిపోయిన దారిలో పోవాలట. ఇదెక్కడి గొడవరా నాయనా అనుకున్నాను. కానీ ఆమె అప్పటికే ఎక్కి కూర్చుంది.

ఆ టైర్లతో తోలడం ఎట్లుంటుందో చెబుతాను. నేరుగా పోతున్నప్పుడు ఏమీ తెలియదు, ఇంకా మెత్తగా హాయిగా ఉంటుంది. మలుపులో తెలుస్తుంది. స్టీరింగు తిప్పుతావు. బండి వెంటనే తిరగదు. రిమ్ము సన్నగా ఉండి టైరు అడుగును నొక్కి పట్టుకుంటుంది, టైరు పొట్ట మాత్రం బయటికి ఉబ్బి ఉంటుంది. అందుకని ముందు ఆ పొట్ట పక్కకు ఒరుగుతుంది, తర్వాత బండి కదులుతుంది. నువ్వు మాట చెప్పినాక అది ఆలోచించుకొని వింటుంది. విన్నాక, చాలు ఆగు అంటే ఆగదు. నువ్వు స్టీరింగు నేరుగా చేసేశాక కూడా పైభాగం ఒకసారి అటూ, ఒకసారి ఇటూ ఊగి సర్దుకుంటుంది. ఇనుమో రాయో అయితే బరువంతా కింద ఉంటుంది. పత్తికి బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ. బోరాలు తొట్టి దాటి పక్కలకూ పైకీ పొంగి ఉంటాయి. ఆ ఊపు పైకి పోయేకొద్దీ పెద్దదవుతుంది.

మేము పోయింది ఖాళీ బండితో. అయినా మోరీ దాటాక ఆ మలుపులో బండి ఒక్క క్షణం నా మాట వినలేదు. ఆమె ముందున్న కడ్డీ పట్టుకొని ఉంది. పిడికిలి బిగిసింది. కొంచెం దూరం పోయాక, "తిప్పు" అంది. తిప్పాను. "ఇంగొగసారి ఆ మలుపు" అంది. పోయాను. "మళ్లీ" అంది. ఆ చేనుగల రైతు గట్టు మీద నిలబడి, వీళ్లకు పిచ్చి గాని పట్టిందా అన్నట్టు చూస్తున్నాడు. చివరికి బండి ఆపమంది.

"ఆయన దీన్ని లోడుతో తోలినాడు గదా, రోజూ" అంది.

"ఊఁ."

"ఇట్ల ఊగుతాండాదని ఇంట్ల ఒగసారి గూడ సెప్పలే."

"సెప్పేకి ఏముండాదక్కా. తోల్తా తోల్తా అలవాటైపోతాది."

"అలవాటైపోతాది" అని నా మాటే మళ్లీ అంది. తర్వాత ఆదోనికి పోనిమ్మంది, సాహెబు టైర్ల షాపుకు.

సాహెబుకు ఆమె మొగుడు బాగా తెలుసు. సాహెబు పాపం ఏదో ఓదార్పు మాటలు సిద్ధం చేసుకున్నాడు. ఆమె వాటికి చోటివ్వలేదు. ఈ టైర్లు పీకి, ఈ రిమ్ములకు ఏ సైజుండాలో అవే వెయ్యమంది. "అక్కా, వీటిల్లో ఇంకా జీవముంది. కావాలంటే వెడల్పు రిమ్ములు వేసుకుందాం. మామూలుగా రిమ్ములెవరూ మార్చరనుకో. చెప్పులు మారుస్తాం గాని కాళ్లు మారుస్తామా?" అన్నాడాయన నవ్వించాలని. ఆమె నవ్వలేదు. "రిమ్ములొద్దు, ఏం వద్దు. పీకెయ్" అంది. పీకేసి, సరైనవి బిగించాక, కూర్చొని చెయ్యి దూర్చింది. "పట్టింది" అంది. నాకు తెలిసి ఆ మాట అనడం అదే మొదలు.

ఆమె మొగుడి చావుకు ఆ టైర్లే కారణమని నేను చెప్పలేను. నిద్రే కావచ్చు, గొర్రెలే కావచ్చు. ఆమె కూడా టైర్ల వల్లే పోయినాడని ఎప్పుడూ అనలేదు. నేనే ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "ఏమో. నాకేం తెల్సు? గొర్రెలను నేను ఆపలేను, నిద్రను ఆపలేను. నా సెయ్యి ఆడ పెట్టగలుగుతా. అది పెడతాండా" అంది. ఇంక దాని మీద నేనెప్పుడూ అడగలేదు.

పెట్టింది కూడా, ఎక్కడ పడితే అక్కడ. మా లారీకి పెడితే సరిపోయేది. ఆదోని బస్టాండులో ఎమ్మిగనూరు బస్సు ఎక్కే ముందు కూడా వెనక చక్రాల దగ్గర కూర్చునేది. కండక్టరు "ఏయమ్మా, సచ్చేకి నా బస్సే దొరికిందా!" అని అరిస్తే, "సావకుండ ఉండేకే సూస్తాండా, నువ్వు టికెట్లు కొట్టుకో పో" అనేది. టీ కొట్టు దగ్గర ఆగిన పరాయి లారీలను కూడా వదిలేది కాదు. డ్రైవర్లు టీ తాగి వచ్చేసరికి ఈమె వెనక కూర్చొని ఉండేది. "పట్టలే అప్పా నీది, సూసుకో" అనేది. కొందరు నవ్వేవాళ్లు. కొందరు తిట్టేవాళ్లు, ఆ తిట్లు మళ్లీ నేను పడాలి. ఆలూరు దగ్గర ఒక డ్రైవరైతే నా కాలరే పట్టుకున్నాడు, మీ ఆడమనిషి నా బండికి చేతబడి చేసిందని. వాడికి నేను రిమ్ముల సంగతి చెబుతుంటే ఈమె పక్కన నిలబడి ఉగ్గాని తింటూ ఉంది. ఎడమచేత్తో తింటోంది, కుడిచెయ్యి మసి.

ఆ మసి ఆమెకు వదిలేది కాదు. బొటనవేలి కింద నుంచి మణికట్టు దాకా నల్లటి చార ఉండేది. ఆదివారం చర్చిలో చేతులెత్తి ప్రార్థన చేస్తుంటే ఒక చెయ్యి తెల్లగా, ఒక చెయ్యి నల్లగా ఉంటుందని వాళ్ల పాస్టరు ఎగతాళి చేసేవాడట. అది చెప్పుకొని ఆమే నవ్వేది.

అన్నిసార్లూ ఆమె చెప్పిందే సరైనదని కాదు. టైర్ల మధ్య రాయి ఇరుక్కున్నా, నల్లరేగడి మట్టి పట్టినా చెయ్యి పోదు. "అక్కా, రాయి అక్కా" అంటే, "రాయో రప్పో, పట్టలే" అనేది. చిప్పగిరి దగ్గర ఒక పల్లెలో అట్లాగే మట్టి పట్టి, గీకి తీసేదాకా పోనివ్వలేదు. ఎండిన రేగడి మట్టి గీకడమంటే మాటలా! నేను పారతో గీకుతుంటే రైతు నా నెత్తిన నిలబడి గొణుగుతున్నాడు. నాకు తిక్కరేగి తాళాలు ఆమె ముందు పారేసి, "నీ సెయ్యి పట్టే డ్రైవర్ని ఎతుక్కో" అని షేర్ ఆటో ఎక్కి వచ్చేశాను. ఆమె పిలవలేదు. మర్నాడు పొద్దున ఆమె ఇంటి ముందుకు నేనే పోయాను. తాళాలు గుమ్మం పక్కన మేకుకు తగిలించి ఉన్నాయి. "టీ తాగి పో సామీ" అంది లోపలినుంచి. లోడు ఆ పల్లెలోనే ఉంది. పోయి తెచ్చాను.

నేనూ ఒకసారి చెయ్యి పెట్టి చూశాను. నాది మొద్దు చెయ్యి, స్టీరింగు పట్టీ పట్టీ ఇంకా దిట్టమైంది. ఎంత సరైన టైర్లయినా నా చెయ్యి కణుపులు దాటదు. "నీది లెక్క కాదప్పా. ఆడోళ్ల సెయ్యి కావాల" అని నవ్వింది. నిజానికి ఆడవాళ్ల చెయ్యి కూడా కాదు, ఆమె చెయ్యే లెక్క. ఆమె అన్నం కలిపే చెయ్యే మా లారీకి కొలత. ఇన్నేళ్లలో ఆ కొలత మారుతుందని నాకు తట్టలేదు.

పోయిన పత్తి కాలంలో ఎమ్మిగనూరు పక్కనే ఒక ఊళ్లో లోడు ఎత్తాం. తాళ్లు కట్టాను. ఆమె కూర్చొని చెయ్యి పెట్టింది. పెట్టి, అట్లాగే ఉండిపోయింది. "పట్టలే" అంది.

నేను వంగి చూశాను. రాయి లేదు, మట్టి లేదు. టైర్లు సాహెబు వేసినవే, సైజు అదే, గాలి సరిగానే ఉంది. సందు ఎప్పుడూ ఉన్నంతే ఉంది. అప్పుడు ఆమె చెయ్యి చూశాను. ఉబ్బి ఉంది. చర్మం మెరుస్తోంది. వేలికున్న సన్న ఉంగరం కండలోకి దిగిపోయింది. పాదాలు చూశాను, అవీ అట్లాగే ఉన్నాయి. కిడ్నీలకు మందులు వాడుతోందని తెలుసు. ఇంతైందని తెలియదు.

"ఎండకు ఉబ్బింటాయిలే అక్కా, టైర్లు" అన్నాను.

"అయితే సాహెబు కాడికి పోనీ."

లోడుతోనే మెల్లగా ఆదోని పోయాం. సాహెబు ఇప్పుడు ముసలివాడు, కళ్లజోడు పెట్టుకొని జోడు టైర్ల మధ్య లైటు వేసి చూశాడు. చూసి, నన్ను షాపు వెనక్కి లాక్కుపోయాడు. "టైర్లకేమీ కాలేదు భాయ్. ఆమె చెయ్యి చూసినావా?" అన్నాడు. "చూసినా" అన్నాను. "మరి చెప్పు." "నువ్వు చెప్పు." "నేనెట్ల చెప్తా, నువ్వు డ్రైవరు." "నువ్వు టైర్లోడివి." ఇద్దరు మగవాళ్లం, ఆ షాపు వెనక నిలబడి నువ్వంటే నువ్వని గుసగుసలాడాం. చివరికి సాహెబు జాకీ పెట్టి చక్రాలు విప్పాడు, తుడిచాడు, అవే మళ్లీ బిగించాడు. ఆమె స్టూలు మీద కూర్చొని మొదటినుంచి చివరిదాకా చూస్తూనే ఉంది.

లేచి వచ్చి కూర్చుంది. కుడిచెయ్యి పెట్టింది, పోలేదు. ఎడమచెయ్యి పెట్టింది, అదీ పోలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని చూసుకుంది.

"టైర్లకేం కాలే గదా?" అంది.

"కాలేదక్కా."

"ఊళ్లోనే తెల్సు గదా నీకు?"

"తెల్సు."

"మరి సెప్పేకేం?"

"సెప్పేకి ఏముండాదక్కా..." అన్నాను.

అనేశాక గుర్తొచ్చింది, ఆ మాట నేను ఆమెతో ఇంతకుముందు ఎక్కడ అన్నానో. ఆమెకు నాకంటే ముందే గుర్తొచ్చింది. తల ఎత్తి నా వైపు చూసింది. ఆమె నన్ను ఎన్నో తిట్లు తిట్టింది, ఏదీ నాకు తగల్లేదు. ఆ చూపు తగిలింది. "మీ మగోళ్లంతా ఇంతేనా అప్పా" అంది మెల్లగా. సాహెబు తల తిప్పుకొని ఏదో పానా వెతకడం మొదలుపెట్టాడు.

నేను చెయ్యి ఇస్తే పట్టుకొని లేచింది. "పో. మిల్లుకు పో. నేను బస్సులో పోతా" అంది. ఆమె 'పట్టింది' అనకుండా నేను లారీ కదిలించడం అదే మొదలు. పక్కద్దంలో చూస్తే ఇంకా అక్కడే, సాహెబు షాపు ముందు, నా చక్రాల వైపు చూస్తూ నిలబడి ఉంది.

ఆ తర్వాత ఆమె బండి దగ్గరికి రాలేదు. ఇంట్లోనే మంచం. నేను లోడు ఎత్తినప్పుడల్లా ఫోన్ చేసేది.

"పట్టిందా?"

"నా సెయ్యి పట్టదు గదక్కా. కళ్లతో సూసినా. సందు బాగానే ఉండాది."

"కళ్లతో సూస్తే ఎట్ల? ఆడ ఎవరన్నా ఆడోళ్లుంటే ఒగసారి పెట్టమను."

"నన్ను తంతారక్కా."

"తన్నించుకో. ఏమైతాది?" అని నవ్వేది. ఆ నవ్వులో ఆయాసం ఉండేది. నేను ఎవరినీ అడగలేదు. సిగ్గు. ముక్కూ మొహం తెలియని ఆడమనిషిని పిలిచి, ఏమ్మా, నా టైర్లలో చెయ్యి పెట్టు అని ఎట్లా అడగాలి?

కబురు వచ్చిన ఆ రోజు, లోడు దించి నేను ఎమ్మిగనూరు చేరేసరికి ఆమెను పెట్టెలో పడుకోబెట్టారు. చేతుల మీద తెల్ల గుడ్డ కప్పారు. ఉంగరం రాలేదట, అట్లాగే వదిలేశామని కూతురు చెప్పింది. అందరూ ఏడుస్తున్నారు. సాహెబు ఆదోని నుంచి వచ్చి ఒక మూల నిలబడి కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. నేను పెట్టె మోశాను. మట్టి వేశాను. పెట్టింది తిన్నాను, కూర బాగుందని కూడా అనిపించింది. నా లోపల ఎక్కడా ఏమీ కదల్లేదు. ఏడుపు ఎందుకు రావడం లేదని నన్ను నేను అడగలేదు కూడా. వచ్చేటప్పుడు కూతురు ఎదురొచ్చి, "బండి నువ్వే తోలుకో అన్నా. నీ ఇష్టం. మేమేమీ అడగం" అంది. మంచి మాటే అంది పిల్ల. నాకు దాని మీద ఎందుకో కోపం వచ్చింది.

తర్వాతి లోడు ఆదోని మిల్లు నుంచే. దూది బేళ్లు ఎత్తారు. తాళ్లు కట్టాను, ముడులు చూసుకున్నాను. క్యాబిన్ తలుపు తీసి, ఒక కాలు మెట్టు మీద పెట్టి నిలబడ్డాను. నిలబడే ఉన్నాను. నా వెనక ఇంకో లారీ వచ్చి చేరింది. హమాలీలు బీడీలు వెలిగించుకున్నారు. నేనెందుకు ఎక్కడం లేదో నాకు తెలియలేదు. కాసేపటికి గాని అర్థం కాలేదు. వెనకనుంచి మాట వినబడాలని చూస్తున్నాను.

మిల్లు ఆవరణలో పత్తి ఏరే ఆడవాళ్లు చెట్టు కింద కూర్చొని మధ్యాహ్నం అన్నాలు తింటున్నారు. దిగి వాళ్ల దగ్గరికి పోయాను. "అమ్మా, ఎవరన్నా ఒకరు కొంచెం వస్తారా? ఆ టైర్ల మధ్యలో ఒగసారి సెయ్యి పెట్టి సూడాల" అన్నాను. వాళ్లు మొహాలు చూసుకున్నారు. ఒకామె నవ్వు ఆపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చివర కూర్చున్న ఒక సన్నటి మనిషి చెయ్యి కడుక్కొని లేచి వచ్చింది.

"ఏం పడిందన్నా ఆడ?" అంది.

"ఏమీ పళ్లేదమ్మా."

"మరి ఏం తియ్యాల?"

"తీసేకి ఏమీ లేదు. సెయ్యి పోతాదా లేదా సూడు, అంతే."

ఆమె నన్ను వింతగా చూసి, గొంతుక్కూర్చొని, వేళ్లు చేర్చి పెట్టింది. "పొయ్యింది."

"మణికట్టు దాకనా?"

"ఆఁ, దాక. ఆ పక్క గూడ సూడాల్నా?"

"సూడుమ్మా."

అటు పోయి అక్కడా పెట్టి వచ్చింది. అరచేతిలో మసి చూసుకొని, "అయ్యో, నల్లగైనాదే" అనుకుంటూ చెట్టు వైపు నడిచింది.

"అమ్మా" అన్నాను. ఆగింది. "పట్టింది, పో... అని ఒగసారి అను."

ఇంక ఆమె నవ్వలేదు. నా మొహంలో ఏం కనపడిందో నాకు తెలియదు. "పట్టిందన్నా. పో" అంది, చిన్న పిల్లవాడికి చెప్పినట్టు.

క్యాబిన్ ఎక్కి తాళం తిప్పాను. ఇంజిను అందుకుంది. గేరు వెయ్యాలి, వేసేకి చెయ్యి లేవలేదు. స్టీరింగు మీద తల పెట్టాను. ఫోన్ వచ్చిన రోజు నుంచి ఎక్కడుందో తెలియని ఏడుపు అప్పుడు వచ్చింది, పెద్దగా, సిగ్గు లేకుండా. వెనక లారీవాడు హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. తల బయటపెట్టి తిడదామంటే నాకు గొంతు రాలేదు.